చలికి జివ్వుమనే పళ్ళు: నాలుగు నెలలు, మూడు పేస్టులు, నా రివ్యూ

పొద్దున్నే కుళాయి తిప్పి దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకోగానే ఎడమవైపు పై పన్ను నుంచి కణత దాకా ఎవరో తీగ లాగినట్టు జివ్వుమనడం మీకు తెలిస్తే ఈ రివ్యూ మీకోసమే. తెలియకపోతే అదృష్టవంతులు, ఇక్కడితో ఆపేసినా నష్టమేమీ లేదు. నాకు ఇది వరుసగా రెండో చలికాలం. మొదటిసారి ‘చలి తగ్గితే అదే పోతుందిలే’ అని పంటి బిగువున భరించాను (ఆ పళ్ళతోనే!), నిజంగానే ఎండలు మొదలయ్యాక పోయింది కూడా, దాంతో ఆ సంగతే మర్చిపోయాను. ఈసారి చలి మొదలైన వారానికే తిరిగొచ్చింది. పైగా ఇప్పుడు నీళ్ళు కూడా అక్కర్లేదు, బయటికెళ్ళి నోరు తెరిచి ఎవరినైనా పలకరిస్తే చాలు, గాలికే జివ్వు.

అప్పటినుంచి నాలుగు నెలల్లో మూడు రకాల సెన్సిటివిటీ పేస్టులు (ఇలా జివ్వుమనే పళ్ళ కోసమే అమ్మేవి), రెండు బ్రష్షులు, ఒక మౌత్‌వాష్ వాడాను. రోజూ రాత్రి పడుకునే ముందు చల్లనీళ్ళు ఒక గుక్క నోట్లో పెట్టుకుని, నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసి ఫోన్‌లో రాసుకున్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. కానీ రాసుకోకపోతే ఏ పేస్టు పనిచేసిందో, ఏది చేసినట్టు అనిపించిందో తేడా తెలియదని నాకు రెండో నెలలోనే అర్థమైంది.

నేను వాడిన పేస్టుల కంపెనీ పేర్లు చెప్పడం లేదు. దాచిపెట్టాలని కాదు, పేరు చెప్పినా మీకు ఉపయోగం ఉండదు కాబట్టి. మా అక్కా నేనూ ఒకే పేస్టు వాడుతున్నాం అనుకున్నాం, ఫోన్‌లో మాట్లాడుకుంటూ ట్యూబు వెనక్కి తిప్పి చదివితే పైన ఉన్న పేరు ఒకటే గానీ లోపలి మందు ఆమెది వేరు, నాది వేరు. ఒకే పేరు మీద అరడజను రకాలు అమ్ముతుంటే ‘ఆ పేస్టు మంచిదా’ అన్న ప్రశ్నకి అర్థమే లేదు. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే మందు పేరు చదవాలి, అంతే. అందుకే ఈ రివ్యూ మందుల పేర్లతోనే రాస్తున్నాను.

దానికి ముందు అసలు పన్ను ఎందుకు జివ్వుమంటుందో కొంచెం చెప్పాలి, ఇది తెలియక నేను మొదటి మూడు వారాలు దండగ చేసుకున్నాను. పైకి తెల్లగా కనిపించే ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం, దానికి నరాలు లేవు, చలీ వేడీ దానికి తెలియవు. దాని కింద ఉండే డెంటిన్ అలా కాదు. చూడటానికి ఎముకలా గట్టిగానే ఉంటుంది గానీ దాన్నిండా లోపలి నరం వైపు పోయే సన్నని గొట్టాలుంటాయి, ఒక్కోటి ఒకటి రెండు మైక్రాన్ల వెడల్పు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఒక్క చదరపు మిల్లీమీటరులో వేలకి వేలు. వాటినిండా నీటిలాంటి ద్రవం. ఎనామిల్ అరిగినా, లేదా చిగురు వెనక్కి జరిగి పంటి వేరు బయటపడినా (వేరు మీద ఎనామిల్ ఉండదు, పలచటి పొర ఒకటి ఉంటుంది, అది గట్టిగా తోమితే తొందరగానే పోతుంది), ఆ గొట్టాల మూతులు నోట్లోకి తెరుచుకుంటాయి. చల్లటిది తగలగానే లోపలి ద్రవం బయటివైపు కదులుతుంది, ఆ కదలిక లోపలున్న నరాన్ని గుంజుతుంది. 1960ల్లో స్వీడన్‌కి చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ అనే దంత పరిశోధకుడు ప్రయోగాలతో నిలబెట్టిన వివరణ ఇది, ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునేది ఇదే. వేడి తగిలితే ద్రవం లోపలివైపు కదులుతుందట, బయటికి కదిలినప్పుడే నరం ఎక్కువ గోల చేస్తుందట, అందుకే చాలామందికి వేడి కంటే చల్లదనమే బాధ. గాలికి ఎందుకో కూడా దీంతో తెలిసిపోయింది, వీచే గాలి పంటిని ఆరబెడుతుంది, ఆరితే ద్రవం బయటికి లాక్కుపోతుంది, పైగా చలికాలపు గాలి చల్లగానూ ఉంటుంది, పొడిగానూ ఉంటుంది. రెండు దెబ్బలూ ఒకేసారి.

ఇది చదివాక నాకు పోయిన ఏడాది సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. చలితో పాటు నొప్పి పోయిందంటే కన్నాలు మూసుకుపోయాయని కాదు, వాటిని కదిలించే చలి లేదంతే. ఆ ఎనిమిది నెలలూ నేను అదే గట్టి బ్రష్‌తో, అదే బలంతో తోముతూ కన్నాలని ఇంకాస్త తెరుచుకుంటూ పోయాను.

సరే, పేస్టుల దగ్గరికి వస్తాను. మార్కెట్లో ఉన్న సెన్సిటివిటీ పేస్టులన్నీ చేసేది రెండు పనుల్లో ఒకటి. ఒకటి, నరాన్ని జోకొట్టడం. రెండు, గొట్టాల మూతులు పూడ్చడం. మొదట్లో, 1961లో అమెరికాలో సెన్సోడైన్ అనే పేస్టు వచ్చినప్పుడు అందులో ఉన్నది స్ట్రాన్షియం క్లోరైడ్. తర్వాత 1974లో మిల్టన్ హోడోష్ అనే డెంటిస్టు పొటాషియం నైట్రేట్ బాగా పనిచేస్తుందని అక్కడి డెంటల్ అసోసియేషన్ పత్రికలో రాశాడు, ఆ తర్వాత చాలా పేస్టులు ఆ దారి పట్టాయి. పొటాషియం నైట్రేట్ అంటే మన సురేకారమే, బాణసంచాలో వాడేది. ట్యూబు వెనక ఆ పేరు చూసి మా నాన్నగారు ‘ఏంట్రా, పళ్ళు పేల్చుకుంటావా’ అన్నారు.

నేను కొన్న మొదటి ట్యూబు ఆ సురేకారం రకమే, 5 శాతం పొటాషియం నైట్రేట్, దాంతో పాటు మామూలు ఫ్లోరైడ్. రుచి బాగానే ఉంది, మామూలు పేస్టుకీ దీనికీ తేడా తెలియదు, నురగ కూడా బాగా వస్తుంది. మొదటి వారం మార్కులు: 7, 7, 8, 7, 6, 8, 7. రెండో వారం అదే. మూడో వారం కూడా దాదాపు అదే. ఆ మూడో వారంలో నేను రివ్యూ రాసి ఉంటే ‘పచ్చి మోసం, ఎవరూ కొనకండి’ అని ఒకే ఒక్క స్టార్ ఇచ్చేవాణ్ణి. ఆన్‌లైన్‌లో ఈ రకం పేస్టులకి కనిపించే ఒక స్టార్ రివ్యూలు కొన్ని ఇలాంటివే అయ్యుంటాయని నా అనుమానం.

తప్పు పేస్టుది కాదని పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాక తెలిసింది. ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ‘తోముకున్నాక ఏం చేస్తారు’ అని. అదేం ప్రశ్న, పుక్కిలిస్తాను కదా అన్నాను. ఎన్నిసార్లు? నాలుగైదు సార్లు, నోట్లో పేస్టు రుచి పోయేదాకా. ఆవిడ తల అడ్డంగా ఊపి, ‘మందు వేసుకుని వెంటనే కడిగేసుకుంటున్నారన్నమాట’ అన్నారు. తోముకున్నాక నురగ ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించకూడదు, తప్పనిసరైతే కాసిని నీళ్ళతో ఒక్కసారి. పొటాషియం ఆ గొట్టాల్లోంచి లోపలికి ఇంకి నరం చుట్టూ చేరాలి, చేరి నిలవాలి, అప్పుడే నరం కబురు మోయడం తగ్గిస్తుంది. రెండు పూటలా రెండేసి నిమిషాలు తోమాలి, రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పట్టాలి. నేను రోజుకి ఒక్కసారి, అదీ నిమిషంలోపే, తర్వాత శుభ్రంగా కడిగేసుకోవడం! మూడు వారాలు కాదు, మూడేళ్ళు వాడినా అంతే.

పద్ధతి మార్చాక నాలుగో వారం 6, ఐదో వారం 5, ఆరో వారానికి 4, ఒకటి రెండు రోజులు 3. పుక్కిలించకుండా ఉండటం మొదటి నాలుగు రోజులు మహా చిరాకు, నోరంతా జిగురుగా అనిపిస్తుంది, తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు పుక్కిలిస్తేనే ఏదో తప్పు చేసినట్టుంది.

దీనికి నా మార్కులు 5కి 4. ఒక మార్కు ఎందుకు కోశానంటే, ఇది కన్నాలు మూయదు. నరాన్ని నిద్రపుచ్చుతుంది. ప్రయాణంలో వారం పైన మామూలు పేస్టు వాడాను, మార్కులు మళ్ళీ 5కి, 6కి ఎగబాకాయి. మానేస్తే పోతుంది, అది తెలిసి కొనుక్కోండి.

రెండో ట్యూబు ఆర్జినైన్ రకం, 8 శాతం ఆర్జినైన్, కాల్షియం కార్బొనేట్. ఇది పూడ్చే జాతి. ఆర్జినైన్ అంటే ఒక అమైనో ఆమ్లం, అది కాల్షియంతో కలిసి గొట్టాల మూతుల మీద పేరుకుని బిరడాలాగా అడ్డం పడుతుంది. ఈ ట్యూబు మీద ‘వెంటనే ఉపశమనం’ అని పెద్దగా రాసుంటుంది, ముందు నేను నమ్మలేదు. కానీ చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది, బఠాణీ గింజంత పేస్టు వేలికొసన తీసుకుని జివ్వుమనే పన్ను మీద ఒక నిమిషం రుద్దమని. బ్రష్‌తో తోమడం వేరు, ఇది వేరు. నేను చేసి చూశాను. నా ఎడమవైపు పై కోరపన్ను పక్కనున్న పన్ను మీద చిగురు వెనక్కి జరిగిన చోట, సరిగ్గా ఆ గీత దగ్గర, గడియారం చూస్తూ నిమిషం రుద్దాను. తర్వాత చల్లనీళ్ళు పెట్టుకుంటే పూర్తిగా పోలేదు గానీ ఆ తీగ లాగినట్టు ఉండే పోటు లేదు, ఏదో దూరంగా చల్లగా తగిలింది. అప్పటిదాకా 6 ఉన్నది ఒక్కసారిగా 3. నిజం చెప్పాలంటే అద్దంలో నన్ను నేనే చూసుకుని నవ్వుకున్నాను.

చలి ఎక్కువగా ఉన్న పొద్దుటిపూట బయటికి వెళ్ళే ముందు ఇలా రుద్దుకుని వెళ్ళడం అలవాటు చేసుకున్నాను, గాలికి చాలా తేడా. లోపాలు కూడా చెప్పాలి. సుద్దముక్క నమిలినట్టుంటుంది, నురగ తక్కువ, పుల్లటిది ఏదైనా తాగితే ఆ బిరడా కొంత కరిగిపోతుందేమో, సాయంత్రానికి మళ్ళీ మొదలు. ఒకటి రెండు పళ్ళకే బాధ ఉన్నవాళ్ళకి ఇది బంగారం. నోరంతా జివ్వుమనేవాళ్ళు వేలితో ఎన్ని పళ్ళని రుద్దుతారు? 5కి 4.5.

మూడోది స్టానస్ ఫ్లోరైడ్, తగరం కలిసిన ఫ్లోరైడ్. కొత్తదేమీ కాదు, 1955లోనే అమెరికాలో క్రెస్ట్ పేస్టులో వచ్చింది, అప్పట్లో పళ్ళు పుచ్చకుండా అని. ఇదీ పూడ్చే జాతే, పైగా చిగుళ్ళ వాపు తగ్గిస్తుంది. నాకు నాలుగు వారాల్లో మార్కులు మొదటి పేస్టులాగే దిగాయి, తోముతుంటే చిగుళ్ళ నుంచి వచ్చే రక్తం కూడా ఆగింది. కానీ ఆ రుచి! నాణెం చప్పరించినట్టు, నాలుక మీద ఒగరు, అరగంట దాకా పోదు. కొందరికి పళ్ళ మీద లేత గోధుమరంగు మరక కూడా పడుతుంది, నాకు కింది పళ్ళ లోపలివైపు కాస్త పడింది, డాక్టరు శుభ్రం చేస్తే పోయింది. చిగుళ్ళు కూడా బాగోలేనివాళ్ళకి ఇదే సరైనది. నాకు మాత్రం 5కి 3.5, ఆ అర మార్కు కూడా చిగుళ్ళ కోసం.

నాలుగో రకం ఒకటుంది, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని, గాజులాంటి పొడి. అక్క వాడేది అదే. నీళ్ళు తగిలితేనే పని మొదలుపెట్టే మందు కాబట్టి ఆ పేస్టులో నీళ్ళుండవట, అందుకే తేనెలాగా చిక్కగా ఉంటుంది. అక్కకి బాగా పనిచేసింది. నేను వాడలేదు కాబట్టి మార్కులు లేవు.

మౌత్‌వాష్ గురించి ఒక్క మాటే. తోముకోగానే వాడితే పేస్టు మందుని కడిగేస్తుంది, వేరే వేళ వాడే ఓపిక నాకు లేదు. సీసా సగం అలాగే ఉంది.

బ్రష్ గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అసలు నేరం అక్కడే. నేను చిన్నప్పటినుంచి గట్టి బ్రష్ వాడేవాణ్ణి, గిన్నె తోమినట్టు అడ్డంగా, బలంగా. శుభ్రం అంటే అదే అనుకున్నాను. డాక్టరు నా పాత బ్రష్ తెమ్మన్నారు, తీసుకెళ్ళి చూపిస్తే కుచ్చు మొత్తం రెండువైపులా వాలిపోయి ఉంది, కొని నెల కాలేదు. ‘బ్రష్ ఇలా అయితే చిగురు ఎలా ఉంటుంది’ అన్నారు. ఎక్స్‌ట్రా సాఫ్ట్ బ్రష్ తీసుకున్నాను. మొదటి వారం తోమినట్టే అనిపించలేదు, ఈకతో దులిపినట్టుంది. పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకుని, చిగురు దగ్గర కొంచెం వాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. మూడు వేళ్ళతో పట్టుకుంటే కావాలన్నా బలం రాదు, అదే కిటుకు. ఈ బ్రష్‌కి కళ్ళు మూసుకుని 5కి 5. మూడు నెలలైంది, కుచ్చు ఇంకా నిటారుగానే ఉంది.

ఇక్కడ ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. చలికాలానికి ముందు పళ్ళు తెల్లబడాలని బొగ్గు పొడి పేస్టు ఒకటి రెండు నెలలు వాడాను. అలాంటివి కొన్ని గరుకుగా ఉండి పంటిని అరగదీస్తాయి. అరిగిన ఎనామిల్ మళ్ళీ మొలవదు, గోరు కాదు కదా. పళ్ళని తెల్లగా చేసే పెరాక్సైడ్ జెల్స్ కూడా కొన్నాళ్ళు జివ్వుమనిపిస్తాయి, అవి మానితే సాధారణంగా తగ్గుతుంది. పళ్ళు జివ్వుమంటుంటే తెల్లదనం ముచ్చట కొంతకాలం పక్కన పెట్టండి.

పులుపు సంగతి కూడా డాక్టరే చెప్పారు. పుల్లటివి, సోడా డ్రింకులు తాగాక ఎనామిల్ పైపొర కాసేపు మెత్తబడుతుంది (నోట్లో పీహెచ్, అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ, 5.5 కంటే కిందికి పోతే ఎనామిల్ కరగడం మొదలవుతుంది), అప్పుడే తోమితే మెత్తబడ్డదంతా బ్రష్‌తో పాటు పోతుంది. కనీసం అరగంట ఆగాలి. నేను నిమ్మరసం తాగి ‘పళ్ళు పులిశాయి’ అంటూ వెంటనే బ్రష్ పట్టుకునేవాణ్ణి.

చలికి సంబంధించి పేస్టులు కాకుండా నాకు పనికొచ్చినవి చిన్న చిన్న పనులే. గోరువెచ్చని నీళ్ళతో తోముకోవడం, ఇది ఎందుకో ముందే తట్టలేదు. బయట నడిచేటప్పుడు ముక్కుతో గాలి పీల్చడం, చల్లగాలి ముక్కులో వెచ్చబడి వస్తుంది, నోటితో పీలిస్తే నేరుగా పళ్ళ మీదికే. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే నోరే గతి, ఆ రోజుల్లో నోటికి మఫ్లర్ కట్టుకుంటే చాలు. చలికాలంలో దాహం వేయదని నీళ్ళు తాగడం తగ్గిస్తాం, నోరు ఎండిపోతుంది, పంటిని కాపాడేదే లాలాజలం, అది తగ్గితే పేస్టు ఒక్కటే ఏం చేస్తుంది? ఐస్ లాంటి చల్లటిది తిన్న వెంటనే పొగలు కక్కే కాఫీ తాగడం కూడా మానేశాను. ఇంకొకటి, చలికి వణుకుతూ దవడలు బిగపట్టి కూర్చునే అలవాటు నాకుందని నాకే తెలియదు, ఒకరోజు అక్క పక్కన కూర్చుని ‘ఎందుకలా పళ్ళు కొరుకుతున్నావు’ అంది.

ఆ మాటతోనే కథ మలుపు తిరిగింది. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం కూడా అదే.

మూడు పేస్టులూ వాడాక నా పళ్ళన్నీ దారికొచ్చాయి, ఒక్కటి తప్ప. కుడివైపు కింద వెనకాల ఉన్న దవడ పన్ను. మిగతావన్నీ 2కి, 3కి దిగినా అది 7 దగ్గరే మొండికేసింది. జాగ్రత్తగా గమనిస్తే దాని నొప్పి తీరే వేరు. మిగతా పళ్ళు చల్లనీళ్ళు తగలగానే జివ్వుమని, మింగేయగానే వదిలేస్తాయి. ఇది తగిలాక నిమిషం దాకా లోలోపల సలుపుతుంది. పైగా గట్టిది ఏదైనా కొరికి, పట్టు వదిలేటప్పుడు కసుక్కున పొడిచినట్టుండేది. ఆర్జినైన్ పేస్టు నిమిషం కాదు, మూడు నిమిషాలు రుద్దాను. వీసమెత్తు మార్పు లేదు.

డాక్టరు ఎక్స్‌రే తీశారు, అందులో ఏమీ లేదు. తర్వాత ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఇచ్చి, పన్ను ఒక్కో మూల మీద పెట్టి కొరికి వదలమన్నారు. మూడో మూల దగ్గర కుర్చీలోంచి లేచినంత పనైంది. పగులు. సన్నని గీత, కంటికి కూడా సరిగ్గా కనిపించదు, ఇలాంటివి ఎక్స్‌రేలో తరచుగా దొరకవట. రాత్రిళ్ళు పళ్ళు నూరడం, చలికి దవడలు బిగించడం, ఏళ్ళ తరబడి ఆ పన్ను మీద పడిన బరువు. అప్పటికి నరం దాకా పోలేదు కాబట్టి పైన క్రౌన్ (పన్నుకి తొడుగు) వేస్తే సరిపోయింది. ఇంకో చలికాలం ఆగి ఉంటే రూట్ కెనాల్ దాకా వచ్చేదేమో అన్నారు. ఆ రోజే మిగతా పళ్ళకి ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు, రాత్రి పళ్ళు ఒకదానికొకటి ఒరుసుకోకుండా పెట్టుకునే నైట్‌గార్డ్‌కి కూడా కొలత తీసుకున్నారు. నైట్‌గార్డ్ మొదటి మూడు రాత్రులు నోట్లో చెప్పు పెట్టుకున్నట్టుంది, ఇప్పుడు లేకపోతే నిద్ర పట్టదు.

అంటే ఈ పేస్టులు నాకు చేసిన అతి పెద్ద మేలు, ఆ ఒక్క పన్ను మీద పనిచేయకపోవడం. మిగతా గోలంతా సద్దుమణిగితే తప్ప ఆ పన్ను గొంతు వేరని నాకు వినిపించేది కాదు. చాలా ట్యూబుల వెనక ‘నాలుగు వారాల కంటే ఎక్కువ వాడవలసి వస్తే డెంటిస్టుని అడగండి’ అన్న అర్థంలో ఒక హెచ్చరిక ఉంటుంది, దాన్ని నేను కంపెనీ తప్పించుకోవడానికి రాసుకున్నదిలే అనుకున్నాను. కాదు, మొత్తం ట్యూబు మీద అంత పనికొచ్చే వాక్యం ఇంకొకటి లేదు. నాలుగు వారాలు పద్ధతిగా వాడినా ఒక పన్ను లొంగకపోతే, చల్లటిది తీసేశాక కూడా నొప్పి అర నిమిషం దాటి ఉంటే, వేడికి కూడా పోటు వస్తే, రాత్రి నిద్ర లేపితే, కొరికితే పొడిస్తే, అది పేస్టు పని కాదు. పిప్పి పన్ను కావచ్చు, పగులు కావచ్చు, పాత ఫిల్లింగ్ కింద సందు పడి ఉండొచ్చు. నాలుగో ట్యూబు కొనకండి, అపాయింట్‌మెంట్ తీసుకోండి.

దీనికి తిరగేసి ఇంకొకటి కూడా ఉంది. చలికాలంలో జలుబు ముదిరి సైనస్ పట్టేస్తే పైవరసలో వెనక పళ్ళన్నీ ఒకేసారి బరువుగా నొప్పి పెడతాయి, ముందుకి వంగితే ఎక్కువవుతుంది. మా బావకి అలాగే అయింది, పళ్ళనుకుని రెండు వారాలు పొటాషియం పేస్టు రుద్దాడు పాపం. పై దవడ పళ్ళ వేళ్ళకి సరిగ్గా పైనే సైనస్ గది ఉంటుంది, జలుబు తగ్గాక ఆ నొప్పీ పోయింది.

ఇంతకీ ఏది కొనాలి అంటారా? ఒకటి రెండు పళ్ళే అయితే ఆర్జినైన్ రకం, వేలితో రుద్ది. చాలా పళ్ళు అయితే పొటాషియం నైట్రేట్ రకం, పుక్కిలించకుండా. చిగుళ్ళ నుంచి రక్తం కూడా వస్తుంటే స్టానస్ ఫ్లోరైడ్, ముక్కు మూసుకుని. ఏది కొన్నా మెత్తటి బ్రష్ లేకపోతే కుళాయి తిప్పి ఉంచి నేల తుడిచినట్టే. పన్నెండేళ్ళలోపు పిల్లలకి మాత్రం డాక్టరుని అడగకుండా ఇవి వాడొద్దు.

నేను ప్రస్తుతం పొద్దున ఆర్జినైన్, రాత్రి పొటాషియం వాడుతున్నాను, డాక్టరుని అడిగే. ఇవాళ బయట బాగా చలిగా ఉంది, కావాలని మఫ్లర్ లేకుండా వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఈ రాత్రి మార్కు: నీళ్ళకి 1, గాలికి 2.